కాలిన చీర వీడియో: సిరిసిల్ల పేరు వెనక కథ

ఈ ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

2017 సెప్టెంబర్. అప్పుడు నేను కోరుట్లలో డిగ్రీ రెండో సంవత్సరం. జియో వచ్చి సరిగ్గా ఏడాది అయింది. అంతకుముందు నెలకు ఒక జీబీని ముసలవ్వ కొంగులో డబ్బులు దాచుకున్నట్టు దాచుకుని వాడేవాళ్లం. ఇప్పుడేమో రోజుకు ఒక జీబీ ఎట్లా అయిపోగొట్టాలా అని చూస్తున్నాం. ఒక రోజు వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. రోడ్డు మీద ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. మధ్యలో కొత్త చీరల కుప్ప, దానికి మంట. ఇది కట్టుకునే చీరేనా అని తిట్లు. మా జగిత్యాల జిల్లా వీడియోనే అన్నారు. నేను చూసి నవ్వి, కింద నవ్వే బొమ్మలు మూడు పెట్టి, ఉన్న గ్రూపులన్నిటికీ పంపాను. అందులో ఒకటి మా చుట్టాల గ్రూపు. ఆ గ్రూపులో సిరిసిల్ల మామ ఉన్నాడన్న సోయి నాకు లేదు.

సాయంత్రం మామ ఫోన్ చేశాడు. తిట్టలేదు. ఒక్కటే అడిగాడు.

"అల్లుడా, ఆ కాలవెట్టిన చీర మాదా, సూరత్‌దా?"

నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "ఏమో మామా, నాకేం తెలుసు" అన్నాను. "ఎరుక లేకుండనే పంపినవా" అని ఫోన్ పెట్టేశాడు.

ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్న గురించి. ఒక ఊరి పేరు సరుకు మీద పడటం, ఫోన్‌లో చెడిపోవటం, మళ్లీ కొంత నిలబడటం, ఆ తర్వాత జరిగింది, అన్నీ చెప్తాను. మీలో చాలామంది ఏదో ఒక పేజీ నడుపుతున్నారు. చెల్లె పికిల్స్ పేజీ, అన్న మొబైల్ షాప్ పేజీ, ఏదో ఒకటి. ఈ కథ మీకు పనికొస్తుంది.

ముందు సిరిసిల్ల గురించి. అక్కడ మగ్గాన్ని సాంచా అంటారు. కరెంటుతో నడిచే మరమగ్గం అన్నమాట. ఊళ్లో, చుట్టుపక్కల కలిపి 25 వేలకు పైగా సాంచాలు ఉన్నాయి. తెలంగాణలో ఉన్న మరమగ్గాల్లో ఎక్కువ భాగం అక్కడివే. సాంచాలు పెట్టుకున్న చిన్న యజమానిని ఆసామి అంటారు. నూలు ఇచ్చి బట్ట తీసుకునే పెద్ద వ్యాపారిని సేటు అంటారు. వాటి మీద పనిచేసేవాళ్లు నేత కార్మికులు. మా మామది నాలుగు సాంచాలు, అద్దె షెడ్డు. ఆసామీ ఆయనే, కార్మికుడూ ఆయనే.

ఈ సాంచాల మీద దశాబ్దాల పాటు నేసింది ఏమిటి? రంగు లేని పాలిస్టర్ బట్ట, లంగాల గుడ్డ. గ్రే క్లాత్ అంటారు. ఆ బట్ట రంగు అద్దకానికి బయటికి పోతుంది. అక్కడ ఇంకెవరిదో ముద్ర పడుతుంది. మీ అమ్మ చీర కింద కట్టుకున్న లంగా సిరిసిల్ల గుడ్డ అయి ఉండొచ్చు, మీ అమ్మకు ఆ సంగతి తెలిసే దారి లేదు. అంటే లక్షల మీటర్లు అమ్మిన ఊరికి తన సరుకు మీద తన పేరు లేదు. వ్యాపారం భాషలో చెప్పాలంటే బ్రాండ్ లేదు.

ఊరికి పేరు మాత్రం వేరే రకంగా వచ్చింది. 1990ల చివర్లో, 2000ల మొదట్లో అప్పులతో, పని లేక, నేత కార్మికులు ఒకరి తర్వాత ఒకరు ఆత్మహత్యలు చేసుకున్నారు. పత్రికలు 'ఉరిసిల్ల' అని రాశాయి. రాసినవాళ్లు బాధతోనే రాశారు, నేను కాదనను. కానీ ఆలోచించండి, ఒక ఊరి గురించి మొత్తం రాష్ట్రానికి తెలిసిన ఒకే ఒక్క మాట అది. మా అమ్మమ్మ వాళ్లింట్లో మామకు పిల్లను చూసేటప్పుడు "సిరిసిల్లనా" అని అవతలివాళ్లు ఒక నిమిషం ఆగేవాళ్లట.

ఇక ట్విట్టర్ కాలానికి వద్దాం. సిరిసిల్ల నుంచి 2009లో మొదటిసారి ఎమ్మెల్యేగా గెలిచిన కేటీఆర్, తెలంగాణ వచ్చాక మంత్రి అయ్యాడు. 2016 ఆగస్టులో ప్రతి సోమవారం చేనేత బట్టలు కడదాం అని ట్విట్టర్‌లో మొదలుపెట్టాడు. 2017 జనవరిలో నటి సమంత తెలంగాణ చేనేతకు ప్రచారకర్తగా వచ్చింది. కలెక్టర్లు, సినిమావాళ్లు, ఐటీ ఉద్యోగులు సోమవారం చేనేత చొక్కాతో ఫొటో పెట్టడం ఒక ఫ్యాషన్ అయింది. ఇది బాగా నడిచిన ప్రచారమే. గద్వాల, పోచంపల్లి, నారాయణపేట లాంటి పేర్లు కొత్త పిల్లల నోళ్లలో పడ్డాయి.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఆ హ్యాష్‌ట్యాగ్ చేనేతది. సిరిసిల్లలో ఎక్కువ ఉన్నది మరమగ్గం. చేత్తో నేసిన బట్టను ఫొటో తీసి పెట్టొచ్చు, దానికొక కథ ఉంటుంది. పాలిస్టర్ గ్రే బట్టను ఎవరు ఫొటో తీస్తారు? మంత్రి సొంత నియోజకవర్గానికే ఆ ప్రచారం సరిగ్గా అతకలేదు. మామను ఒకసారి అడిగాను, సోమవారం గురించి తెలుసా అని. "సోమారమైనా శుక్రారమైనా మాకు పన్నెండు గంటల షిఫ్టే" అన్నాడు.

సాంచాలకు పని దొరకాలంటే పెద్ద ఆర్డర్ కావాలి. అట్లా వచ్చిందే బతుకమ్మ చీర. తెలంగాణ బయట చూస్తున్నవాళ్ల కోసం చెప్తున్నా, బతుకమ్మ అంటే దసరా ముందు తొమ్మిది రోజులు ఆడవాళ్లు పూలు పేర్చి ఆడుకునే పండుగ. ఆ పండుగకు రేషన్ కార్డుల్లో పేరున్న, 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లకు ఒక్కో చీర ఇస్తామని 2017లో ప్రభుత్వం చెప్పింది. 1 కోటి 4 లక్షల చీరలు, 222 కోట్ల రూపాయలు. భాగహారం చేస్తే ఒక్కో చీరకు 213 రూపాయల చిల్లర. లెక్క గుర్తుపెట్టుకోండి.

సిరిసిల్ల అప్పటిదాకా ఇంత పెద్ద ఎత్తున చీరలు నేసింది లేదు. ఉన్న సమయం కొన్ని నెలలు. సాంచాలన్నీ తిప్పినా సరిపోలేదు. దాదాపు సగం చీరలు సూరత్ నుంచి తెప్పించారు. సెప్టెంబర్ 18న పంపిణీ మొదలైంది. మా అమ్మ కూడా రేషన్ దుకాణం దగ్గర వరుసలో నిలబడి తెచ్చుకుంది. అమ్మ బీడీలు చుట్టేది. ఆరోజు పని మానుకుని పోయింది. తెచ్చి, విప్పి, వేళ్ల మధ్య గుడ్డను రుద్ది చూసి, ఏమీ అనకుండా మడిచి పెట్టేసింది. ఆ మడిచి పెట్టడం ఎవరి ఫోన్లోనూ రికార్డు కాలేదు. రికార్డు అయింది మంట. జగిత్యాల జిల్లాతో పాటు చాలా చోట్ల చీరలు తగలబెట్టారు. అదే రోజు అవి ఫోన్లలో తిరిగాయి.

అందరికీ చెప్పిందేమో ఇది సిరిసిల్ల నేతన్నల కోసం అని. కాబట్టి నాసిరకం అన్న మాట నేరుగా సిరిసిల్ల మీద పడింది. వీడియోలో ఏ చీర ఎక్కడిదో రాసి ఉండదు కదా. చీర మీద నేసినవాడి పేరు లేదు, ఊరి ముద్ర లేదు. మామ ప్రశ్న అక్కడి నుంచి పుట్టింది. జీవితంలో మొదటిసారి ఆయన చేతి పనికి ఆయన ఊరి పేరు పెట్టారు. పెట్టిన మొదటి రోజే అది కాలింది. కాలింది తనదో కాదో కూడా తెలియదు.

అధికార పార్టీ నాయకుల మొదటి జవాబు ఏమిటో మీరు ఊహించగలరు. ఇది ప్రతిపక్షం చేయించిన పని అన్నారు. సమయం చాలక సగం సూరత్ నుంచి తెచ్చామన్నది కేటీఆర్ చెప్పాడు.

ఇక్కడ ఒకసారి అమెరికా పోయి వద్దాం. ఎందుకంటే ఇదే కథ అక్కడ పన్నెండేళ్ల ముందే జరిగింది. మంటతో సహా.

2005 జూన్. జెఫ్ జార్విస్ అనే జర్నలిస్టు డెల్ లాప్‌టాప్ కొన్నాడు. పాడైతే ఇంటికొచ్చి బాగుచేసే సర్వీసుకు అదనంగా డబ్బులు కూడా కట్టాడు. లాప్‌టాప్ పాడైంది. ఇంటికొచ్చినా మా మనిషి దగ్గర విడిభాగాలు ఉండవు, మెషీనే పంపండి అన్నారు. ఆయనకు బజ్‌మెషీన్ అని ఒక బ్లాగు ఉంది. అందులో కోపంగా రాశాడు. కింద వందల మంది, నాకూ ఇట్లే అయింది, నాకూ ఇట్లే అయింది అని రాశారు. దానికి 'డెల్ హెల్' అని పేరు పడింది, డెల్ నరకం అని. కంపెనీ పద్ధతి అప్పట్లో ఏమిటంటే, బ్లాగులు చూస్తాం, జవాబు మాత్రం ఇవ్వం. బ్లాగు రాసేవాళ్లంటే ఖాళీగా ఉన్నవాళ్లు అన్న చిన్నచూపు అప్పుడు చాలా కంపెనీలకు ఉండేది.

తర్వాతి ఏడాది, 2006లో, జపాన్‌లోని ఒసాకాలో ఒక సమావేశంలో డెల్ లాప్‌టాప్ మండిపోయింది. ఆ ఫొటోలు ఇంటర్నెట్ అంతా తిరిగాయి. అప్పటికే మైకేల్ డెల్ తన మనుషులకు చెప్పాడు, ఫిర్యాదు రాస్తున్న బ్లాగర్లను వెతికి మీరే వెళ్లి పలకరించండి అని. జులైలో కంపెనీ సొంత బ్లాగు మొదలైంది. అందులో మండిన లాప్‌టాప్ గురించి దాచకుండా వాళ్లే రాశారు. ఆగస్టులో సోనీ తయారుచేసిన 41 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిచారు. 2007 ఫిబ్రవరిలో ఐడియాస్టార్మ్ అని ఒక చోటు తెరిచారు, మీకేం కావాలో రాయండి, మిగతావాళ్లు ఓటు వేయండి అని. జనం లినక్స్ లాప్‌టాప్ కావాలన్నారు. కొన్ని నెలల్లోనే ఉబుంటు వేసి అమ్మారు. అదే ఏడాది, తిట్టిన జార్విసే డెల్ ఆఫీసుకు వెళ్లి వచ్చి, వీళ్లు వినడం నేర్చుకున్నారు అని పత్రికలో రాశాడు. 2010 చివర్లో టెక్సస్‌లోని తమ ఆఫీసులో తెరలు పెట్టి, డెల్ గురించి లోకం ఏమంటోందో రోజూ చూసే గది కూడా తెరిచారు. సోషల్ లిజనింగ్ అని ఇప్పుడు కోర్సుల్లో చెప్పేదానికి చాలామంది చూపించే మొదటి ఉదాహరణ ఇదే.

అదే ఏళ్లలో మన తెలుగులోనూ బ్లాగుల కాలం నడిచింది. లేఖినిలో తెలుగు టైపు చేసేవాళ్లు, కూడలిలో అందరి బ్లాగులూ ఒక్క చోట చదివేవాళ్లు. మంచి రోజులంటారు ఆ కాలంవాళ్లు. కానీ కంప్యూటర్ ఉన్నవాళ్లే బ్లాగర్లు. సాంచా దగ్గర నిలబడే మనిషి గొంతు, బీడీలు చుట్టే మనిషి గొంతు ఇంటర్నెట్‌లోకి రావడానికి చేతిలో చవక ఫోన్ రావాల్సి వచ్చింది. వచ్చిన వెంటనే వినబడింది చీరల మంట.

సరే, మళ్లీ మన ఊరికి. మంట తర్వాత ఏం మారింది?

చాలా మారింది. ఇది నిజంగా ఒప్పుకోవాలి. 2018 నుంచి ఆర్డర్ మొత్తం సిరిసిల్లకే. ఆ ఏడు అసెంబ్లీ ఎన్నికల కోడ్ వల్ల పంపిణీ పండుగకు కాకుండా డిసెంబర్‌కు పోయింది, అది వేరే సంగతి. ఆడవాళ్ల అభిప్రాయాలు తీసుకుని రంగులు, డిజైన్లు ఎంచుతున్నామని ప్రభుత్వం చెప్పింది. అది మాటల్లోనే ఆగలేదు, బట్టలో కనబడింది. జరీ అంచులు వచ్చాయి. అంచు డిజైన్ రావాలంటే మామూలు సాంచాకు కుదరదు, డాబీ అని ఒక సామాను బిగించాలి. మామ అప్పు చేసి బిగించుకున్నాడు. 2022 నాటికి 24 డిజైన్లు, ఒక్కోటి 10 రంగుల్లో, అంటే 240 రకాలు. ఖర్చు దాదాపు 340 కోట్లకు పోయింది. 213 రూపాయల చీర నుంచి 340 రూపాయల చీరకు వచ్చాం.

నాకు వీటన్నిటిలో నచ్చింది 9 మీటర్ల చీర. మామూలు చీర జాకెట్ గుడ్డతో కలిపి 6.3 మీటర్లు. కానీ మా ఉత్తర తెలంగాణ పల్లెల్లో ముసలవ్వలు గోచీ పోసి కడతారు. వాళ్లకు ఆ చీర చాలదు. ఇచ్చిన చీర ఇచ్చినట్టే పెట్టెలో పడేది, లేదా కోడలికి పోయేది. తర్వాతి ఏళ్లలో వాళ్ల కోసం 9 మీటర్ల చీరలు వేరుగా నేయించారు. 2022లో కోటి చీరల్లో 8 లక్షలు అవే. ఒక ముసలవ్వ ట్విట్టర్‌లో రాయదు, ఫేస్‌బుక్‌లో కామెంట్ పెట్టదు. ఎవరో ఒకరు వాకిట్లో కూర్చుని ఆమె మాట విని ఉంటేనే ఆ 8 లక్షల చీరలు వస్తాయి.

ఈ మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, డిగ్రీ అయ్యాక నేను హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఇదే పని చేశాను. ఒక చిన్న ఆఫీసులో సోషల్ లిజనింగ్. పేరు గొప్పది, పని మామూలుది. కంపెనీల పేర్లు, వాటి రకరకాల స్పెల్లింగులు ఒక సాఫ్ట్‌వేర్‌లో వేస్తాం. ఎక్కడ ఆ పేరు వచ్చినా అది పట్టుకొస్తుంది. మంచి మాటకు ఆకుపచ్చ, తిట్టుకు ఎరుపు, రెండూ కాకపోతే బూడిద రంగు. సాయంత్రానికి ఒక గుండ్రటి బొమ్మ తయారవుతుంది, అది క్లయింట్‌కు పోతుంది.

ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు అసలే రాదు. సిరిసిల్ల అన్న ఒక్క పేరునే మనవాళ్లు నాలుగు రకాలుగా టైపు చేస్తారు. ఇక మన వెటకారం సంగతి చెప్పక్కర్లేదు. 'మస్తున్నది చీర, దోమతెరకు పనికొస్తది' అని రాస్తే అది మస్తు అన్న మాట చూసి ఆకుపచ్చలో వేస్తుంది. 'నీ చీర సల్లగుండ' అని తిడితే దీవెన అనుకుంటుంది. మాలాంటి పిల్లలం కూర్చుని రంగులు చేత్తో మార్చేవాళ్లం. ఒకసారి నేను ఎరుపు ఎక్కువగా చూపించానని, క్లయింట్ బాధపడతాడు, కొంచెం బూడిద రంగు పెంచు అన్నారు. పెంచాను కూడా. విన్న మాట వినాల్సినవాడి దాకా పోయేలోపు ఎట్లా పలచబడుతుందో అక్కడ కళ్లారా చూశాను. ఆరు నెలలకు మానేశాను.

ఇప్పుడు మా జిల్లా నుంచే ఇంకో ఉదాహరణ. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. అక్కడ 2012లో శ్రీకాంత్ శ్రీరామ్ 'మై విలేజ్ షో' ఛానెల్ మొదలుపెట్టాడు. గంగవ్వ అందులోనే లోకానికి తెలిసింది. కూలి పనులు చేసుకుని బతికిన మనిషి. చదవడం రాకపోతే మాట చెప్పించుకుని తన తీరులో చెప్పేది. 2019లో మల్లేశం, ఇస్మార్ట్ శంకర్ సినిమాల్లో కనబడింది. 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. అంతకుముందు సినిమాల్లో మా భాష అంటే రౌడీ భాష, లేదంటే కామెడీ భాష. ఈ ఊరివాళ్లు దాన్ని మార్చకుండా అట్లాగే పెట్టారు. వీడియో తీసినవాళ్లూ, అందులో ఆడినవాళ్లూ, కింద కామెంట్లు చదివినవాళ్లూ ఒకటే ఊరు, ఒకటే అరుగు. మధ్యలో రంగులు మార్చే ఆఫీసు లేదు. డెల్‌కూ అంతే, తిట్లు తిన్నదీ, సరిచేసిందీ ఒకే కంపెనీ.

సిరిసిల్లలో అట్లా లేదు. నా మాట ఇదే, మీరు ఒప్పుకోకపోతే కింద రాయండి. జగిత్యాలలో ఆడబిడ్డ తిట్టింది ఫేస్‌బుక్‌కు ఎక్కింది, అక్కడి నుంచి మంత్రి ఫోన్‌కు, మంత్రి నుంచి చేనేత జౌళి శాఖకు, శాఖ నుంచి సొసైటీకి, సొసైటీ నుంచి సాంచాకు వచ్చింది. మామ దాకా చేరేసరికి అది తిట్టుగా లేదు, ఈసారి అంచు ఇట్లా నేయాలి అన్న ఆర్డర్‌గా మారింది. కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా పోతే సిరిసిల్ల కొన్ని గంటల బస్సు ప్రయాణం. చీర కట్టే ఆడవాళ్లు, చీర నేసే మామ అంత దగ్గరలో ఉండి ఆరేళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. విన్నది ప్రభుత్వం. పేరూ ప్రభుత్వ పథకం పేరే. కొన్నదీ ఒక్కరే, ప్రభుత్వం.

ఊరు తన పేరు తాను చెప్పుకున్న సందర్భాలు లేవని కాదు. సిరిసిల్ల నేతకారుడు నల్ల విజయ్ 2022 జనవరిలో అగ్గిపెట్టెలో పట్టే చీరను హైదరాబాద్‌లో మంత్రులకు చూపించాడు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. అదే ఏడాది వెల్ది హరిప్రసాద్ జీ20 గుర్తును మగ్గం మీద నేసి ప్రధానికి పంపాడు. నవంబర్ 27న 'మన్ కీ బాత్‌'లో ప్రధాని ఆయన పేరు చెప్పాడు. హరిప్రసాద్ పట్టు చీరలకు 'రాజన్న సిరిపట్టు' అని పేరు పెట్టారు. వేములవాడ రాజన్న, సిరిసిల్లలోని సిరి, పట్టు. ఎంత బాగా కుదిరిందో చూడండి. ఆ పేరును 2022లో న్యూజిలాండ్‌లో అక్కడి మంత్రి ప్రియాంక రాధాకృష్ణన్ విడుదల చేసింది. అక్కడ ఉండే మన తెలంగాణ ఆడబిడ్డ ఒకామె పూనుకోవడం వల్ల అయిన పని. పేరు, కథ, నేసిన మనిషి ముఖం మూడూ కలిసి కనబడిన బట్ట సిరిసిల్లకు అదే అనిపిస్తుంది నాకు. కాకపోతే అది ఒకరిద్దరి మగ్గం. 25 వేల సాంచాలు దాని మీద బతకవు. మళ్లీ ఫొటోకు పనికొచ్చింది చేతి పనే, సాంచా కాదు.

2023 చివర్లో ప్రభుత్వం మారింది. 2024లో బతుకమ్మ చీరల పంపిణీ జరగలేదు. పాత బిల్లులు కోట్లలో ఆగిపోయాయి. సాంచాలు ఆగాయి. ఆ ఏడాది సిరిసిల్ల నుంచి మళ్లీ ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. నా ఫోన్‌లో 'ఉరిసిల్ల' అన్న పాత మాట మళ్లీ కనబడిన రోజు నేను మామకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రాత్రి పదింటికి తనే చేశాడు. షెడ్డు కిరాయి అడగడానికి వచ్చినవాడితో మాట్లాడుతున్నాడట, అంతే. ఆ నాలుగు గంటలు నేనెట్లా ఉన్నానో చెప్పను.

తర్వాత వేములవాడలో నూలు డిపో పెట్టారు. 2025లో మహిళా సంఘాల కోసం ఇందిరా మహిళా శక్తి చీరల ఆర్డర్ సిరిసిల్లకు వచ్చింది, నవంబర్‌లో పంపిణీ మొదలైంది. మళ్లీ పథకం, మళ్లీ ఒకే కొనుగోలుదారు. పని దొరికింది కాబట్టి మామ సంతోషంగానే ఉన్నాడు, నాకే లోపల అదుపు లేదు.

మొన్న సిరిసిల్ల పోయినప్పుడు మామకు ఒక పని చేసిపెట్టాను. ఆయన నేస్తున్న చీర ముక్క, సాంచా, ఆయన చేతులు కనబడేట్టు చిన్న వీడియో తీసి, ఇది సిరిసిల్లలో మా మామ నేసింది, మీకెట్లా కావాలో రాయండి అని నా పేజీలో పెట్టాను. ఒక్క పేజీతో ఏమీ మారదని నాకూ తెలుసు. మర్నాడు షెడ్డులోనే కామెంట్లు చదివి వినిపించాను. నలభై దాకా ఉన్నాయి. కొన్ని బూతులు, అవి వదిలేశాను. కోరుట్ల నుంచి ఒకామె రాసింది, అంచు గట్టిగా ఉండి కాళ్లకు గీరుకుంటుంది, ఉతికినాక ముడుచుకుంటుంది, జర చూడండి అని.

నాలుగు సాంచాల చప్పుడులో మామకు సరిగా వినబడలేదు. "ఏమన్నదీ?" అన్నాడు. గట్టిగా చెప్పాను. మళ్లీ వినబడలేదు. ఆయన ఒక్కో సాంచా దగ్గరికి పోయి ఆపుకుంటూ వచ్చి, నాలుగోది ఆపినాక, చేతులు లుంగీకి తుడుచుకుని నా పక్కన కూర్చున్నాడు.

"ఇప్పుడు సదువు. అంచు ఏమైతున్నదంటది?"